థీసిస్ డేటా ఉంది, ఎస్‌పీఎస్‌ఎస్ లేదు: జమోవీతో అనాలిసిస్ ఎలా చేయాలి

పీజీ చివరి సెమిస్టర్ వచ్చిందంటే ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: "ప్రశ్నపత్రాలన్నీ నింపించేశాను, ఎక్సెల్‌లో ఎక్కించాను, ఎస్‌పీఎస్‌ఎస్ (డబ్బు పెట్టి కొనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) లేదు. ఇప్పుడేం చేయాలి?" ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివేవాళ్లు అడుగుతారు, ఎంబీఏ వాళ్లు అడుగుతారు, నర్సింగ్ ఎమ్మెస్సీ వాళ్లు, మెడికల్ పీజీలు కూడా అడుగుతారు. అందరికీ ఒకచోట జవాబు ఉండాలని ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. హాస్టల్ గదుల్లో పెన్‌డ్రైవ్ మీద చేతులు మారే ఎస్‌పీఎస్‌ఎస్ క్రాక్ (పైరసీ) కాపీ జోలికి వెళ్లకండి. దాన్ని ఎక్కించడానికి మొదట యాంటీవైరస్ ఆపమంటారు. పేషెంట్ల వివరాలు, మీ థీసిస్ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే ఆ పని చేస్తారు. అంత రిస్క్ తీసుకోవాల్సిన అవసరమే లేదు. సెమిస్టర్ ప్రాజెక్టుకి, ఎండీ థీసిస్‌కి కావాల్సిన టెస్టుల్లో దాదాపు అన్నీ చేసిపెట్టే ఓపెన్ సోర్స్ ప్యాకేజీలు ఉచితంగా ఉన్నాయి. డబ్బులిచ్చి "అనాలిసిస్ చేయించుకోవడం" కూడా వద్దనే చెప్తాను. వైవాలో ఆ టేబుల్ మీద ప్రశ్న వేసినప్పుడు జవాబు చెప్పాల్సింది మీరే.

ఈ గైడ్ వాటిలో ఒకటైన జమోవీ గురించి. కోడ్ రాయక్కర్లేదు, మెనూల మీద క్లిక్ చేస్తే చాలు. లోపల లెక్క వేసేది మాత్రం ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఆక్లండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో దాన్ని తయారుచేశారు. 2000 ఫిబ్రవరి 29న ఆర్ 1.0.0 వచ్చింది. ప్రపంచమంతా స్టాటిస్టిక్స్ పరిశోధకులు వాడే భాష అదే. "ఫ్రీగా వచ్చింది కదా, లెక్క సరిగ్గా వస్తుందా?" అనే అనుమానం ఉంటే పక్కన పెట్టేయండి. లెక్కలో తప్పు వచ్చిందంటే ఎక్కువగా కారణం మనం ఇచ్చిన డేటాయే. అందుకే ఈ గైడ్‌లో సగం డేటా శుభ్రం చేయడం మీదే ఉంటుంది.

ఏమేం కావాలి

- 64-బిట్ విండోస్, మ్యాక్ లేదా లినక్స్ ఉన్న కంప్యూటర్. ఫోన్‌తో ఈ పని పెట్టుకోకండి.
- డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు ఇంటర్నెట్. ఆ తర్వాత నెట్ లేకపోయినా జమోవీ నడుస్తుంది.
- డేటా శుభ్రం చేయడానికి లిబ్రెఆఫీస్ కాల్క్ (ఎక్సెల్ లాంటి ఉచిత ప్రోగ్రామ్). ఎక్సెల్ ఉన్నా సరే, తెలుగు అక్షరాల విషయంలో కాల్క్ నయం. ఎందుకో మూడో మెట్టులో చెప్తాను.
- మీ ప్రశ్నపత్రం ఖాళీ కాపీ ఒకటి, ఒక నోట్‌బుక్.
- మీ పరిశోధన ప్రశ్న, ఒకే వాక్యంలో. ఆ వాక్యం రాయలేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ సాయం చేయలేదు. ముందు మీ థీసిస్ గైడ్ (ప్రొఫెసర్) దగ్గరికి వెళ్లి అది తేల్చుకోండి.

1. ఇన్‌స్టాల్ చేసుకోండి

జమోవీ డాట్ ఆర్గ్‌లోకి వెళ్లి డౌన్‌లోడ్ పేజీ తెరవండి. సాలిడ్, కరెంట్ అని రెండు వెర్షన్లు కనిపిస్తే సాలిడ్ తీసుకోండి. కొత్త ఫీచర్లు ముందుగా కరెంట్‌లోకి వస్తాయి. థీసిస్‌కి నిలకడగా పనిచేసేది కావాలి. వేరే సైట్ల నుంచి మాత్రం డౌన్‌లోడ్ చేయకండి. ఇన్‌స్టాల్ అయ్యాక వెర్షన్ నంబర్ నోట్‌బుక్‌లో రాసుకోండి, థీసిస్‌లో అది రాయాలి. థీసిస్ మధ్యలో ఉండగా అప్‌డేట్ చేయకండి.

తెరవగానే ఎడమవైపు ఎక్సెల్ లాంటి షీటు, కుడివైపు ఫలితాలు వచ్చే ఖాళీ జాగా కనిపిస్తాయి. పైన డేటా, అనాలిసెస్ అనే ట్యాబ్‌లు ఉంటాయి. మనకి కావాల్సింది దాదాపు అంతా ఈ రెండింట్లోనే ఉంది.

2. జవాబు ముందే తెలిసిన లెక్కతో సాధన చేయండి

మీ డేటా వెంటనే ఎక్కించకండి. ముందు పది వరసల లెక్క ఒకటి చేయండి. జవాబు మీ దగ్గర ఉంటుంది కాబట్టి తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది.

విశాఖలోని రెండు స్టాపుల్లో బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డారో నిమిషాల్లో అనుకుందాం. ఇవి నిజంగా సేకరించినవి కావు, సాధన కోసం వేసిన అంకెలు.

- మద్దిలపాలెం: 10, 12, 14, 16, 18
- గాజువాక: 14, 16, 18, 20, 22

మొదటి కాలమ్‌లో స్టాప్ పేరు, రెండో కాలమ్‌లో నిమిషాలు టైప్ చేయండి. ఒక మనిషికి ఒక వరస, మొత్తం పది వరసలు. మద్దిలపాలేనికి ఒక కాలమ్, గాజువాకకి ఇంకో కాలమ్ పెట్టకండి. కొత్తవాళ్లు మొట్టమొదట తడబడేది ఇక్కడే.

కాలమ్ పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే పైన ఒక ప్యానెల్ తెరుచుకుంటుంది. స్టాప్‌కి నామినల్ (పేర్లు, వర్గాలు), నిమిషాలకి కంటిన్యువస్ (కొలిచే సంఖ్య) ఎంచుకోండి. ఇప్పుడు అనాలిసెస్ ట్యాబ్‌లో టీ-టెస్ట్స్ (రెండు సగటుల తేడా కాకతాళీయమా కాదా చూసే టెస్టులు), అందులో ఇండిపెండెంట్ శాంపిల్స్ టీ-టెస్ట్ నొక్కండి. నిమిషాలని డిపెండెంట్ వేరియబుల్స్ బాక్స్‌లోకి, స్టాప్‌ని గ్రూపింగ్ వేరియబుల్ బాక్స్‌లోకి పంపండి. స్టూడెంట్స్, వెల్చ్స్ (ఇవి టీ-టెస్ట్‌లో రెండు రకాలు), ఎఫెక్ట్ సైజ్ (తేడా ఎంత పెద్దదో చెప్పేది), డిస్క్రిప్టివ్స్ (సగటు లాంటి వివరాలు) అనే నాలుగింటికీ టిక్ పెట్టండి. రన్ బటన్ కోసం వెతక్కండి. టిక్ పెట్టగానే కుడివైపు ఫలితం వచ్చేస్తుంది.

మీకు రావాల్సినవి ఇవి: మద్దిలపాలెం సగటు 14, గాజువాక సగటు 18. రెండింటికీ స్టాండర్డ్ డీవియేషన్ (ఎస్‌డీ, విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పేది) 3.16. టీ విలువ (సగటుల తేడాని చెదురుతో పోల్చే అంకె) 2.00, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మనుషుల సంఖ్య నుంచి వచ్చే లెక్క, ఏడో మెట్టులో చెప్తాను) 8, పి-వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా కాకతాళీయంగా రావడానికి ఉన్న అవకాశం) 0.081. టీ ముందు మైనస్ ఉండొచ్చు, లేకపోవచ్చు. ఏ గ్రూపు ముందు వచ్చిందన్న దాన్నిబట్టి గుర్తు మారుతుంది, దానికి టెన్షన్ పడకండి. రెండు గ్రూపుల్లో చెదురు సమానం కాబట్టి వెల్చ్ వరసలో కూడా ఇవే అంకెలు కనిపిస్తాయి.

దీన్ని కాగితం మీద కూడా ఒకసారి చేసి చూడండి, ఐదు నిమిషాల పని. సగటు నుంచి తేడాలు -4, -2, 0, 2, 4. వాటి వర్గాల మొత్తం 40. నాలుగుతో భాగిస్తే 10, దాని వర్గమూలం 3.16. మీకు 2.83 వచ్చిందా? నాలుగుకి బదులు ఐదుతో భాగించారన్నమాట. శాంపిల్ డేటాకి ఎప్పుడూ ఒకటి తగ్గించి భాగించాలి, జమోవీ చేసేదీ అదే. ఎక్సెల్‌లోనో కాలిక్యులేటర్‌లోనో వేసిన ఎస్‌డీకీ సాఫ్ట్‌వేర్ ఇచ్చినదానికీ పొంతన కుదరడం లేదని చాలామంది కంగారు పడతారు. చాలాసార్లు కారణం ఇదే.

ఇప్పుడు ఒక పని చేయండి. చివరి అంకె 22ని 220 చేయండి, టైపింగులో ఒక సున్నా ఎక్కువ పడ్డట్టు. ఫలితం దానంతటదే మారిపోతుంది. గాజువాక సగటు 57.6కి ఎగబాకుతుంది, మీడియన్ (వరసగా పేర్చితే మధ్యలో వచ్చే అంకె) మాత్రం 18 దగ్గరే ఉంటుంది. మైనస్ సంగతి వదిలేస్తే టీ విలువ 1.07కి పడిపోతుంది. సగటుల మధ్య తేడా నాలుగు నిమిషాల నుంచి నలభై మూడు దాటింది, అయినా టెస్ట్ ఇంకా బలహీనపడింది! ఒక్క సున్నా వల్ల చెదురు అంతగా పెరిగిపోయింది. దీన్ని కళ్లారా చూస్తే మీ సొంత డేటా విషయంలో జాగ్రత్త దానంతటదే వస్తుంది.

3. మీ షీటు శుభ్రం చేయండి

ఎక్కువ సమయం పట్టేది ఈ మెట్టుకే, పట్టనివ్వండి. అసలు ఫైలుని ముట్టుకోకుండా పక్కన పెట్టి, కాపీ మీద పనిచేయండి.

మొదట పేర్లు, ఫోన్ నంబర్లు, హాస్పిటల్ ఓపీ నంబర్లు తీసేసి ఒక్కొక్కరికీ ఒక వరస సంఖ్య ఇవ్వండి. ఏ సంఖ్య ఎవరిదో ఉన్న జాబితా వేరే చోట దాచండి. అనాలిసిస్ ఫైలు గైడ్‌కి, స్నేహితులకి వాట్సాప్‌లో వెళ్తుంది. అందులో పేషెంట్ పేరు ఉండకూడదు.

మొదటి వరసలో కాలమ్ పేర్లు మాత్రమే ఉండాలి, అవి కూడా పొట్టిగా. గూగుల్ ఫారం నుంచి దింపితే ప్రశ్న మొత్తం కాలమ్ పేరుగా వస్తుంది. దాన్ని "వయసు", "ఆదాయం", "క్యూ1" లాంటి మాటకి కుదించి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఖాళీలు లేకుండా రాయండి. మెర్జ్ చేసిన సెల్స్ విడగొట్టండి. అడుగున వేసిన టోటల్, యావరేజ్ వరసలు తీసేయండి. అవి ఉంటే జమోవీ వాటిని కూడా ఇంకో మనిషిగా లెక్కేస్తుంది.

ఇక విలువల సంగతి.

సంఖ్య ఉన్న సెల్‌లో సంఖ్యే ఉండాలి. "25 ఏళ్లు", "12,000/-", "సుమారు 5" అని ఒక్కచోట ఉన్నా కాలమ్ మొత్తం టెక్స్ట్ అయిపోతుంది. ఆ తర్వాత సగటు అడిగితే రాదు.

ఒకే మాటని ఒకేలా రాయండి. మన ఊరి పేరుతోనే ఈ చిక్కు ఎక్కువ. ఒకరు వైజాగ్ అని, ఒకరు విశాఖ అని, ఇంకొకరు విశాఖపట్నం అని నింపుతారు. కంప్యూటర్‌కి అవి మూడు ఊళ్లు. గాజువాకని ఇంగ్లిష్‌లో రెండు మూడు స్పెల్లింగులతో రాస్తారు. మాట చివర కంటికి కనిపించని ఖాళీ ఉన్నా అది వేరే గ్రూపే. కాల్క్‌లో ఆటోఫిల్టర్ పెట్టి ఒక్కో కాలమ్ జాబితా తెరవండి, తేడాలన్నీ వరసగా కనిపిస్తాయి.

జవాబు ఇవ్వనిచోట ఖాళీ వదిలేయండి. 99 అనో 999 అనో వేసే అలవాటు చాలామందికి ఉంది. దాన్ని మిస్సింగ్ అని విడిగా చెప్పకపోతే 999 ఏళ్ల మనిషి మీ సగటులోకి వచ్చి కూర్చుంటాడు. సున్నా కూడా వేయకండి. ఆదాయం సున్నా అంటే ఒక జవాబు, ఖాళీ అంటే జవాబు లేకపోవడం.

"వర్తించేవన్నీ టిక్ చేయండి" తరహా ప్రశ్నకి గూగుల్ ఫారం జవాబులన్నీ ఒకే సెల్‌లో కామాలతో ఇస్తుంది. దాన్ని అలాగే వదిలితే ఎవరి కాంబినేషన్ వాళ్లకి ఒక గ్రూపు తయారవుతుంది. ఒక్కో ఎంపికకి ఒక్కో కాలమ్ పెట్టి, ఉంటే 1, లేకపోతే 0 వేయండి.

తేదీలు: 05/06/2024 అంటే మనకి జూన్ 5. అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌కి మే 6. అడ్మిషన్, డిశ్చార్జ్ మధ్య రోజుల లెక్క కావాలంటే అది కాల్క్‌లోనే వేసి, రోజుల సంఖ్యని మాత్రం జమోవీలోకి తీసుకెళ్లండి. మైనస్ రోజులు వస్తే ఏదో తేదీ తిరగబడిందని అర్థం.

తెలుగులో నింపిన ఫారాలు ఉంటే ఇది తప్పక చదవండి. గూగుల్ నుంచి దింపిన సీఎస్‌వీ (విలువల్ని కామాలతో విడగొట్టిన) ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపించొచ్చు. ఆ స్థితిలో సేవ్ నొక్కారంటే అసలు అక్షరాలు పోతాయి. అదే ఫైలు కాల్క్‌లో తెరిస్తే ముందు ఒక బాక్స్ వస్తుంది. అందులో క్యారెక్టర్ సెట్ దగ్గర యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి, తెలుగు చక్కగా వస్తుంది. సేవ్ చేసేటప్పుడు కూడా యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకోండి.

జిల్లా అంకెలతో పనిచేసేవాళ్లకి, ముఖ్యంగా ఎకనామిక్స్, జాగ్రఫీ విద్యార్థులకి ఒక హెచ్చరిక. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖపట్నం జిల్లా మూడుగా విడిపోయింది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. 2011 జనాభా లెక్కల్లోని సుమారు 42.9 లక్షలు పాత జిల్లావి. అందులో పాడేరు, అరకు, నర్సీపట్నం అన్నీ ఉన్నాయి. 2022కి ముందు, తర్వాత అంకెల్ని ఒకే పేరు కింద ఒకే కాలమ్‌లో వేస్తే గ్రాఫ్ నిట్టనిలువునా పడిపోతుంది. అది జిల్లాలో వచ్చిన మార్పు కాదు, సరిహద్దు మారింది, అంతే. మండలాల వారీ అంకెలు తెచ్చి ఏదో ఒక సరిహద్దుకి కట్టుబడి మళ్లీ కూడండి. ఇంకో చిక్కు ఉంది: 2022లో అల్లూరి జిల్లాలోకి కొన్ని మండలాలు ఉమ్మడి తూర్పు గోదావరి నుంచి వచ్చి చేరాయి. మూడు కొత్త జిల్లాలు కలిపితే పాత జిల్లా వచ్చేస్తుందని అనుకోకండి.

4. జమోవీలో తెరిచి, కాలమ్ రకాలు సరిచేయండి

ఎడమ మూలన ఉన్న మూడు గీతల మెనూలో ఓపెన్ నొక్కండి. సీఎస్‌వీ, ఎక్సెల్ ఫైళ్లు తెరుచుకుంటాయి. ఎస్‌పీఎస్‌ఎస్ డేటా ఫైలు కూడా తెరుచుకుంటుంది, సీనియర్ల దగ్గర పాత డేటా ఉంటే పనికొస్తుంది.

ఇప్పుడు ప్రతి కాలమ్ పేరు పక్కన ఉన్న చిన్న గుర్తు చూడండి. స్కేలు బొమ్మ ఉంటే కంటిన్యువస్: వయసు, బీపీ, ఆదాయం. మెట్ల లాంటి కడ్డీలుంటే ఆర్డినల్: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. మూడు వృత్తాలుంటే నామినల్: ఊరు, వృత్తి. జమోవీ రకాన్ని తనంతట తను ఊహిస్తుంది. అది ఊహ మాత్రమే. ముఖ్యంగా కొద్ది రకాల విలువలే ఉన్న సంఖ్యల కాలమ్‌ని నామినల్ అనుకోవచ్చు. అనాలిసిస్ బాక్స్ మూలలో కూడా ఇవే గుర్తులుంటాయి, ఏ రకం అందులోకి వెళ్లాలో అవి చెప్తాయి.

కాలమ్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వచ్చే ప్యానెల్‌లో లెవెల్స్ (ఆ కాలమ్‌లోని వేర్వేరు విలువలు) జాబితా ఉంటుంది. లింగం కాలమ్‌లో మూడు లెవెల్స్ అనుకుంటే ఐదు కనిపించాయా? మళ్లీ మూడో మెట్టుకి వెళ్లండి. లెవెల్స్ వరస తప్పుగా ఉంటే బాణం గుర్తులతో పైకీ కిందికీ జరపండి.

5. టెస్ట్ కంటే ముందు డిస్క్రిప్టివ్స్

అనాలిసెస్ ట్యాబ్‌లో ఎక్స్‌ప్లొరేషన్, అందులో డిస్క్రిప్టివ్స్ నొక్కండి. అన్ని కాలమ్‌లనీ పంపి ఎన్ (ఎంతమంది జవాబిచ్చారు), మిస్సింగ్, సగటు, మీడియన్, ఎస్‌డీ, మినిమమ్, మాగ్జిమమ్ చూడండి. హిస్టోగ్రామ్, బాక్స్ ప్లాట్ (విలువల చెదురుని చూపే బొమ్మలు) టిక్ చేయండి.

మినిమమ్, మాగ్జిమమ్ నమ్మేలా ఉన్నాయా? ఐదు పాయింట్ల స్కేలులో 55 కనిపిస్తే 5 రెండుసార్లు పడింది. సగటు, మీడియన్ బాగా దూరంగా ఉన్నాయా? అయితే బాక్స్ ప్లాట్‌లో విడిగా పడ్డ చుక్క ఎవరిదో చూసి, ఆ మనిషి ప్రశ్నపత్రం బయటికి తీయండి. టైపింగ్ తప్పయితే దిద్దండి. నిజంగానే ఆ విలువ ఉంటే ఉంచండి. ఫిషింగ్ హార్బర్‌లో బోటు యజమాని ఆదాయం, కూలీ ఆదాయం ఒకే కాలమ్‌లో ఉంటే చుక్కలు దూరంగానే పడతాయి, అవి తప్పులు కావు. పి-వాల్యూ బాగుండడం కోసం మనుషుల్ని తీసేయడం మాత్రం మోసమే.

నోట్‌బుక్‌లో ప్రతి మార్పూ రాయండి: ఏ వరస, పాత విలువ, కొత్త విలువ, ఎందుకు.

6. టెస్ట్ ఎంచుకోండి

మీ ఒక్క వాక్యం ముందు పెట్టుకుని చూడండి.

- వేర్వేరు మనుషుల రెండు గ్రూపులు, కొలిచింది సంఖ్య: ఇండిపెండెంట్ శాంపిల్స్ టీ-టెస్ట్. స్టూడెంట్స్ కంటే వెల్చ్స్ వాడమని నా సలహా. రెండు గ్రూపుల చెదురు సమానం కాకపోయినా అది తట్టుకుంటుంది.
- అవే మనుషులు, ముందు–తర్వాత: పెయిర్డ్ శాంపిల్స్ టీ-టెస్ట్. ఇక్కడ మాత్రం ముందు విలువ ఒక కాలమ్, తర్వాతి విలువ ఇంకో కాలమ్. ట్రైనింగ్‌కి ముందు, తర్వాత మార్కులు పోల్చే నర్సింగ్ ప్రాజెక్టుల్లో పొరపాటున ఇండిపెండెంట్ వాడేస్తుంటారు. ఆ పొరపాటు జవాబునే మార్చేస్తుంది.
- మూడు, అంతకంటే ఎక్కువ గ్రూపులు: వన్-వే అనోవా (గ్రూపుల సగటులన్నీ ఒకేసారి పోల్చే టెస్ట్), తర్వాత పోస్ట్-హాక్ (ఏ జత మధ్య తేడా ఉందో చూసే పోలిక). మూడు జతలకి మూడు టీ-టెస్టులు విడివిడిగా చేయకండి. చేసిన కొద్దీ కాకతాళీయంగా ఏదో ఒక పి-వాల్యూ 0.05 (మామూలుగా పెట్టుకునే గీత) కిందికి వచ్చే అవకాశం పెరుగుతుంది.
- రెండూ వర్గాలే, ఉదాహరణకి వృత్తి, బీమా ఉందా లేదా: ఫ్రీక్వెన్సీస్‌లో కై-స్క్వేర్ టెస్ట్ ఆఫ్ అసోసియేషన్. సెల్స్ కింద ఎక్స్‌పెక్టెడ్ కౌంట్స్ (రెండింటికీ సంబంధం లేకపోతే ఒక్కో గడిలో రావాల్సిన సంఖ్యలు) టిక్ చేసి చూడండి. రెండు బై రెండు టేబుల్‌లో అవి 5 కంటే తక్కువుంటే ఫిషర్స్ ఎగ్జాక్ట్ టెస్ట్ తీసుకోండి.
- రెండూ సంఖ్యలే: రిగ్రెషన్ కింద కోరిలేషన్ మ్యాట్రిక్స్ (ఒకటి పెరిగితే రెండోది పెరుగుతుందా, తగ్గుతుందా చూపేది). స్కాటర్ ప్లాట్ చూడకుండా కోరిలేషన్ రాయకండి.

ప్రశ్నపత్రం స్కోరు వాడేవాళ్లు ముందు ఫ్యాక్టర్ మెనూలో రిలయబిలిటీ అనాలిసిస్ చేసి క్రోన్‌బాక్స్ ఆల్ఫా (ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె) చూడాలి. ఆల్ఫా మరీ తక్కువగానో మైనస్‌లోనో వస్తే బెంబేలెత్తకండి. "నాకు ఈ పని ఇష్టం" లాంటి వాక్యాల మధ్య "ఈ పని మానేయాలనుంది" లాంటి వ్యతిరేక వాక్యం ఉందేమో చూడండి. దాన్ని రివర్స్ స్కేల్డ్ ఐటమ్స్ బాక్స్‌లోకి పంపాలి. ఏ ఐటమ్ తిరగబడినట్టుందో జమోవీయే టేబుల్ కింద నోట్‌లో చెప్తుంది, ఆ నోట్ చదవకుండా వదిలేయకండి. స్కోరు కాలమ్‌ని కంప్యూట్ (కొత్త కాలమ్ లెక్కవేసే ఆప్షన్)తో తయారుచేసేటప్పుడు కూడా ఆ ఐటమ్ తిప్పాలి: 1–5 స్కేలయితే 6 లోంచి తీసేయండి.

నార్మాలిటీ టెస్ట్ (విలువలు గంట ఆకారంలో పరుచుకున్నాయా), హోమోజెనిటీ టెస్ట్ (గ్రూపుల చెదురు సమానమా) దగ్గర చాలామంది తలకిందులుగా చదువుతారు. ఇక్కడ పి తక్కువ రావడం శుభవార్త కాదు, ఆ షరతు తప్పిందని హెచ్చరిక. శాంపిల్ పెద్దదైతే చిన్న తేడాకి కూడా షపీరో-విల్క్ అనే నార్మాలిటీ టెస్ట్ గంట కొడుతుంది. పక్కన క్యూ-క్యూ ప్లాట్ (చుక్కలు గీత మీద పడితే నార్మల్ అని చూపే బొమ్మ) చూసి నిర్ణయించుకోండి. విలువలు ఒకవైపు బాగా ఒరిగి ఉంటే మాన్-విట్నీ యూ (సగటుల బదులు ర్యాంకులతో పోల్చే టెస్ట్) టిక్ చేయండి, అదే పేజీలో ఉంటుంది.

ఏ టెస్టో తేలకపోతే స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లని అడగండి. స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్. రావు గారు లెక్కలు చదివిన ఆంధ్రా యూనివర్సిటీ మనది, క్యాంపస్‌లో స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. వీలైతే డేటా సేకరించక ముందే అడగండి. సేకరించాక అడిగితే అప్పటికే కొన్ని దారులు మూసుకుపోయి ఉంటాయి.

7. వచ్చిన ఫలితం సరైనదేనా?

టేబుల్ రాగానే పి దగ్గరికి పరుగెత్తకండి. ముందు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ చూడండి. తప్పుని అదే ముందు పట్టిస్తుంది.

స్టూడెంట్స్ టీ-టెస్ట్‌లో అది మొత్తం మనుషుల్లోంచి 2 తీసేస్తే వచ్చేది. 120 మందిని అడిగి ఉంటే 118 రావాలి. 101 వచ్చిందంటే 17 మంది ఎక్కడో జారిపోయారు: ఖాళీ జవాబుల వల్లో, తీయడం మర్చిపోయిన ఫిల్టర్ వల్లో. పెయిర్డ్‌లో జతల్లోంచి 1 తీయాలి. కై-స్క్వేర్‌లో అడ్డవరసల్లోంచి ఒకటి, నిలువువరసల్లోంచి ఒకటి తగ్గించి గుణించాలి. రెండు బై రెండు టేబుల్‌కి 1 రావాలి. 2 వచ్చిందంటే ఎక్కడో మూడో వర్గం దూరింది, బహుశా ఆ కనిపించని ఖాళీయే. వెల్చ్‌లో ఇది దశాంశాల్లో వస్తుంది, అది మామూలే.

గ్రూపింగ్ వేరియబుల్‌కి సరిగ్గా రెండు లెవెల్స్ ఉండాలని ఎర్రర్ వస్తే కారణం అలా దూరిన మూడో వర్గమే. జమోవీని మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, స్పెల్లింగులు చూడండి.

తర్వాత దిశ చూడండి. టీ గుర్తుని నమ్ముకోకుండా డిస్క్రిప్టివ్స్ టేబుల్‌లో ఎవరి సగటు ఎక్కువో చూసి వాక్యం రాయండి. చివరగా, ఒక సగటుని కాల్క్‌లో విడిగా వేసి పోల్చండి. రెండు సరిపోతే డేటా సరిగ్గా దిగినట్టే.

8. సేవ్, రిపోర్ట్

జమోవీ సొంత ఫార్మాట్ ఓఎంవీలో సేవ్ చేయండి. డేటా, ఫలితాలు, పెట్టిన టిక్‌లు అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. గైడ్ ఏదైనా మార్చమంటే ఆ ఫైలు తెరిచి ఒక టిక్ మారిస్తే చాలు. ఇంకో కాపీ ఊరికి దూరంగా, అంటే క్లౌడ్‌లో, ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డాక రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు.

టేబుల్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ చేస్తే వర్డ్‌లో, లిబ్రెఆఫీస్ రైటర్‌లో టేబుల్‌గానే దిగుతుంది. స్క్రీన్‌షాట్లు అతికించకండి. ప్రింట్‌లో మసకబారతాయి, పైగా అంకెలు దిద్దలేరు.

పి 0.001 కంటే తక్కువని చూపిస్తే అలాగే రాయండి, 0.000 అని రాయకండి. సున్నా ఎప్పుడూ కాదు. మన సాధన లెక్కలో పి 0.081. దాన్ని "రెండు స్టాపులకీ తేడా లేదు" అని రాయకూడదు, "ఈ శాంపిల్‌తో తేడాని నిర్ధారించలేకపోయాం" అని రాయాలి. ఆ లెక్కలో ఎఫెక్ట్ సైజ్ 1.26, చిన్నదేమీ కాదు. ఐదుగురు చొప్పున మనుషులు చాలలేదు, అంతే.

ఫలితాల అడుగున జమోవీ తన వివరాలు, ఆర్ వివరాలు సైటేషన్‌గా ఇస్తుంది. వాటిని రెఫరెన్సుల్లో చేర్చండి. "ఎస్‌పీఎస్‌ఎస్ కాకపోతే ఒప్పుకుంటారా?" అని అడిగేవాళ్లకి: మెథడాలజీ చాప్టర్ రాయకముందే గైడ్‌ని అడిగి, "ఆర్ ఆధారంగా నడిచే జమోవీ" అని వెర్షన్‌తో సహా చెప్పండి. ఎస్‌పీఎస్‌ఎస్ వాడకుండా వాడామని రాయడం మాత్రం వద్దు.

జమోవీ సరిపడకపోతే

ల్యాప్‌టాప్ పాతదై మొరాయిస్తుంటే పీఎస్‌పీపీ ప్రయత్నించండి. గ్నూ ప్రాజెక్టుది, తేలిక, రూపం, కమాండ్లు ఎస్‌పీఎస్‌ఎస్‌కి దగ్గరగా ఉంటాయి. బేజియన్ పద్ధతులు కావాలంటే ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ల జాస్ప్. టైమ్ సిరీస్, ఎకనామెట్రిక్స్‌కి గ్రెటెల్ చూడండి.

నెలనెలా అదే రిపోర్ట్ తీయాల్సినవాళ్లు, లక్షల వరసలున్నవాళ్లు నేరుగా ఆర్ నేర్చుకోవడమే మంచిది. జమోవీలో కుడివైపు పై మూలన మూడు చుక్కలు నొక్కి సింటాక్స్ మోడ్ పెట్టండి. మీరు క్లిక్‌లతో చేసిన ప్రతి టెస్ట్‌కీ ఆర్ కోడ్ పైన కనిపిస్తుంది. ఆర్‌స్టూడియో (ఆర్ కోడ్ రాసి నడిపే ప్రోగ్రామ్)లో జమోవీ వాళ్ల జేఎంవీ ప్యాకేజీ ఎక్కించి, మీ డేటాని కూడా అందులోకి తెరిచి, ఆ కోడ్ అతికించండి. బస్సు లెక్కతో మొదలుపెట్టండి, అక్కడ కూడా 14, 18, 0.081 రావాలి.